పుదీనా ఎంత తెప్పించాలి

నేను చెబుతుంటే నాగమణి రాస్తోంది. నాకు సంతకం వచ్చు. బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కుని చదవగలను. అంతకు మించి చదువు లేదు. నందిగామలో రామకోటయ్య గారి కూరగాయల కొట్లో, ఆకుకూరల బల్ల దగ్గర నేను కూర్చున్న చోట ఇప్పుడు నాగమణి కూర్చుంటోంది. జగ్గయ్యపేటలో వాళ్లదే ఇంకో కొట్టుంది. అక్కడా ఈమధ్య కొత్తవాళ్లు చేరారు. అందరూ నన్ను అదీ ఇదీ అడుగుతున్నారు. ఒక్కొక్కరికి విడిగా చెప్పే ఓపిక నా గొంతుకు లేదు. అరిచి అరిచి అది ఏనాడో బొంగురుపోయింది. అందుకని అందరికీ కలిపి ఇలా రాయించి పెడుతున్నాను.

ముందు ఒక మాట. మా ఆయన ఈ పనిలోనే పోయాడు. జబ్బు చేసి కాదు, పుదీనా తేవడానికి వెళ్లి పోయాడు. ఇది చివరిదాకా దాచి చెప్పడం నాకిష్టం లేదు, అందుకే మొదటే చెప్పేస్తున్నాను. పుదీనా ఎంత తెప్పించాలన్న లెక్కకూ ఒక మనిషి ప్రాణానికీ ఉన్న సంబంధం తెలిస్తేనే మీకు ఈ పని తెలిసినట్టు.

అసలు పని మధ్యాహ్నం

కొత్తగా చేరినవాళ్లు అమ్మడమే పని అనుకుంటారు. కట్ట తీసి ఇవ్వడం, చిల్లర ఇవ్వడం ఎవరికైనా వస్తుంది. అసలు పని మధ్యాహ్నం అన్నం తిన్నాక, కొట్లో ఈగలు తప్ప ఎవరూ లేనప్పుడు ఉంటుంది. రేపు ఏది ఎంత రావాలో అప్పుడు తేల్చుకుని చెవిటికల్లు రైతులకు ఫోను చెయ్యాలి. కృష్ణ ఒడ్డున వాళ్లు సాయంత్రం కోసి, కట్టలు కట్టి, నీళ్లు చల్లి ఉంచితే తెల్లవారుజామున మన బండి వెళ్లి తెస్తుంది. ఒకసారి చెప్పాక మార్చడానికి ఉండదు. కోసిన ఆకు మళ్లీ మొక్కకు అంటుకోదు కదా.

గుమ్మడికాయ ముసలి అత్తగారిలాంటిది. మూలన ఎన్నాళ్లు కూర్చున్నా దాని బింకం దానిదే. ఉల్లిపాయ ఓర్చుకుంటుంది. వంకాయ రెండో రోజుకు ముడతలు పడుతుంది. ఆకుకూర అలా కాదు, దానికి రేపు లేదు. తోటకూర సాయంత్రానికి తల వాల్చేస్తుంది. గోంగూర వదులుగా కడితే మర్నాటిదాకా నిలుస్తుంది, బిగించి కడితే లోపల ఉడికిపోతుంది. పుదీనా ఎండాకాలంలో పొద్దున పచ్చగా వచ్చి పొద్దుగూకేసరికి నల్లబడుతుంది.

ఎక్కువ తెప్పిస్తే మిగిలి కుళ్లుతుంది. తక్కువ తెప్పిస్తే వచ్చినవాళ్లు ఉత్త సంచితో వెళతారు. ఈ రెంటి మధ్యా నడవడమే ఉద్యోగమంతా. మిగిలింది కంటికి కనబడుతుంది. గంపలో ఉంటుంది, వాసనొస్తుంది, యజమాని చూసి తిడతాడు. చాలకపోయింది కనబడదు. అది కాళ్లొచ్చి పక్క కొట్టుకు నడిచిపోతుంది. అందుకే కొత్తవాళ్లు మిగలడానికే భయపడతారు, చాలకపోవడానికి భయపడరు. మీరు రెంటికీ భయపడండి. ఏ కూరకు దేనికి ఎక్కువ భయపడాలో తెలుసుకోండి, సగం పని వచ్చేసినట్టే.

ఆదివారం మాంసం వండుకునే రోజు కాబట్టి కొత్తిమీర, గోంగూర ఎంత తెచ్చినా పోతాయి. నందిగామలో ఆఫీసులవాళ్లు సాయంత్రం ఇళ్లకు పోతూ బండి దిగకుండానే అడుగుతారు, కాబట్టి సాయంత్రానికి ఎంతో కొంత దాచాలి. జగ్గయ్యపేట కొట్టుకు సిమెంటు ఫ్యాక్టరీల్లో పనిచేసే పైరాష్ట్రాలవాళ్లు వస్తారు. వాళ్లకు పాలకూర కావాలి. గోంగూర నోట్లో పెట్టుకుని మొహం ఎలా పెడతారో చూడాలి. ఇవన్నీ ఒకరు నేర్పితే రావు, బల్ల దగ్గర కూర్చుంటే వస్తాయి. వాన పడే రోజు సంగతి మాత్రం నన్నడగకండి. ఇన్నేళ్లయినా అది నాకూ తెలియలేదు.

"బండి వస్తోంది, కూర్చోండి"

రామకోటయ్య గారు పాతకాలపు వ్యాపారి. కొట్లో 'లేదు' అన్న మాట వినబడకూడదనేది ఆయన నియమం. ఇళ్లలో బియ్యం అయిపోతే ఆడవాళ్లు లేవని అనరు చూశారా, అలాంటిదే. ఏదైనా అయిపోతే "బండి వస్తోంది, కూర్చోండి" అనాలి. నిజంగా వస్తున్నా రాకపోయినా అదే మాట. ఈలోపు కంచికచర్లకో జగ్గయ్యపేట కొట్టుకో ఎవరినో ఒకరిని పరుగెత్తించి తెప్పించేవారు. వచ్చినవాళ్లకు స్టూలు వేసేవాళ్లం. కూర్చున్నవాళ్లు ఊరికే కూర్చోరు, పచ్చిమిరపకాయలో నిమ్మకాయలో ఏరుకుంటారు. అందులో తెలివి లేదని నేననను. ఏళ్ల తరబడి అదే మాట అని అని, అది నా నోటికి అంటుకుపోయింది.

బల్ల ఎప్పుడూ నిండుగా కనబడాలనేది ఆయన రెండో నమ్మకం. అదీ నిజమే. బల్ల మీద ఒకే ఒక్క కట్ట మిగిలితే, అది ఎంత లేతదైనా ఎవరూ ముట్టుకోరు. అందరూ వదిలేసిందే కదా అనుకుంటారు. కానీ ఆ నిండుదనం కోసం ఆయన తెప్పించేదాంట్లో చాలావరకు వెనక గదిలో కుళ్లేది. ఆ వాసన నా చీరల్లోకి ఎక్కి స్నానం చేసినా పోయేది కాదు. మిగిలినదాన్ని మర్నాటి కట్టల మధ్యలో పెట్టి కట్టించేవారు.

ఆ పని మాన్పించింది మహబూబీ అక్క. కొట్టు వెనక మసీదు సందులో ఉంటుంది. పెళ్లిళ్లకూ ఫంక్షన్లకూ బిర్యానీ వండే మనిషి. ఒకరోజు పొద్దున్నే వచ్చి, ముందురోజు కొన్న చుక్కకూర కట్ట విప్పి, మధ్యలో కుళ్లిన ఆకుని రామకోటయ్య గారి ముందు పరిచింది. గొంతు పెంచలేదు.

"ఇది మీ ఇంట్లో ఎవరన్నా తింటారా రామకోటయ్య గారూ? తింటామంటే చెప్పండి, నేనే వండి పంపిస్తా."

కొట్లో ఉన్నవాళ్లు నవ్వు ఆపుకోలేకపోయారు. ఆయనా నవ్వాడు, ఇంకేం చేస్తాడు. ఆ రోజు నుంచి నిన్నటి సరుకు నిన్నటిదేనని చెప్పి, వేరే గంపలో తక్కువకు అమ్మడం మొదలైంది. అది మీరూ మానొద్దు. నిన్నటిదని చెప్పి ఇస్తే కొనేవాళ్లుంటారు. చెప్పకుండా ఇస్తే ఎవరూ ఉండరు.

కిషోర్ బాబు లెక్క

తర్వాత రామకోటయ్య గారి అల్లుడు కిషోర్ బాబు వచ్చాడు. హైదరాబాదులో ఏదో పెద్ద గోడౌనులో సరుకు లెక్కలు చూసేవాడట. మామగారికి ఒంట్లో బాగుండకపోవడంతో రెండు కొట్ల బరువూ అతని మీద పడింది. చదువుకున్నవాళ్లు వచ్చి బల్ల సర్దమంటారని నేను మొదట ముడుచుకున్నాను. అతను బల్ల సర్దమనలేదు. స్టూలు లాక్కుని నా పక్కన కూర్చుని, రోజుల తరబడి చూశాడు.

ఒక మధ్యాహ్నం, రేపెంత తెప్పించాలో లెక్క కట్టి చెప్పే ఫోను పట్టుకుని అడిగాడు.

"తిరపతమ్మ గారూ, ఒక తోటకూర కట్ట మిగిలిపోతే మనకెంత బాధ? తోటకూర కోసం వచ్చినాయన లేక వెళ్లిపోతే ఎంత బాధ?"

"తోటకూర లేకపోతే పాలకూర తీసుకుంటారు బాబూ. పెద్ద బాధేం లేదు" అన్నాను.

"మరి పుదీనా?"

పుదీనా అలా కాదని చెప్పాను. పుదీనా కోసం వచ్చేవాళ్లు బిర్యానీ వండేవాళ్లు. పుదీనా దొరక్కపోతే ఉల్లిపాయలు, టమాటాలు, పచ్చిమిర్చి, అల్లం, అన్నీ పుదీనా ఉన్న కొట్లోనే కొంటారు. ఒక్క కట్ట లేకపోతే ఒక సంచి మొత్తం పోయినట్టు. అతని మొహం వెలిగింది. అదే కావాలి, అదే నా ఫోనుకు తెలియడం లేదు అన్నాడు. మిగిలితే ఎంత నష్టం, చాలకపోతే ఎంత నష్టం, ఈ రెంటినీ తూచి, ఒక్కొక్క ఆకుకు ఎంతవరకు తెగించి తెప్పించవచ్చో ఆ ఫోను చెప్పేది. తోటకూరకు చెయ్యి బిగించమనేది, పుదీనాకు వదలమనేది.

ఇంకొక చిక్కు కూడా అతనే చెప్పాడు. మనం అమ్మినదే లెక్కకు వస్తోంది, అడిగి దొరక్క వెళ్లిపోయినవాళ్లు ఎక్కడా కనబడడం లేదు, సరుకు పొద్దున్నే అయిపోయిన రోజున ఫోను అంతే చాలనుకుంటోంది అన్నాడు. రాసుకోవడం నావల్ల కాదు కదా. ఒక్కో కూరకు ఒక్కో రేకు డబ్బా పెట్టుకుందామన్నాను. ఎవరన్నా అడిగి మన దగ్గర లేకపోతే ఆ డబ్బాలో ఒక చింతపిక్క వేస్తాను, సాయంత్రం నువ్వు చూసుకో అన్నాను. ఆ డబ్బాలు ఇప్పటికీ బల్ల కింద ఉన్నాయి. నాగమణీ, వాటిని పారెయ్యకు. మిగిలిన కూరకు వాసనుంటుంది. దొరక్క వెళ్లిపోయిన మనిషికి ఆ చింతపిక్క ఒక్కటే గుర్తు.

లెక్క మంచిదే. ఎవరన్నా అది తప్పుడు లెక్కంటే నేనొప్పుకోను. వెనక గదిలో వాసన పోయింది. రైతులకు కూడా రేపెంత కొయ్యాలో ముందే తెలిసేది. పొద్దున్నే అంతా తెప్పించి ఎండకు వాడ్చే బదులు, పొద్దున కొంచెం, మధ్యాహ్నం చూసుకుని మళ్లీ కొంచెం తెప్పించడం మేలని ఆ లెక్కే చెప్పింది. తక్కువ తక్కువగా, తరచుగా. నందిగామలో మిగిలేలా ఉంటే మధ్యాహ్నమే జగ్గయ్యపేటకు పంపేవాళ్లం. సాయంత్రం కూడా బల్ల మీద లేత ఆకు కనబడేది. నాకూ సంబరంగానే ఉండేది.

ఆ తరచుగా తిరిగే బండి మా ఆయనది.

మా ఆయన

పేరు వెంకటేశ్వర్లు. ట్రాలీ ఆటో ఉండేది. పెళ్లయిన కొత్తలో కూలికి లారీలు నడిపాడు, తర్వాత ఈ బండి కొనుక్కుని కొట్టుకు తోలేవాడు. ఊరు మెలకువ కాకముందే లేచి చెవిటికల్లు వెళ్లి, కంచికచర్ల మీదుగా నందిగామ కొట్లో దించి, మిగతాది తీసుకుని జగ్గయ్యపేట పోయేవాడు. మాట మెత్తన, నాలుక వాడి. పుదీనా కట్టల మీద తడి గోనెపట్టా సరిగా కప్పలేదని నేను రోజూ సణిగేదాన్ని.

"దానికి ఎండ తగలకూడదు, గాలి తగలకూడదు. నన్నెప్పుడన్నా ఇట్టా తడిగుడ్డ కప్పి చూసుకున్నావా?" అనేవాడు.

"నువ్వు వాడిపోవులే" అనేదాన్ని.

రెండో ట్రిప్పు మొదలయ్యాక మధ్యాహ్నం పూట ఇంటికి రావడం మానేశాడు. రెండు ట్రిప్పుల మధ్యలో కొట్లో ఉల్లిపాయ బస్తాల మీదే ఒరిగేవాడు. ఒరిగీ ఒరగకముందే ఎవరో ఒకరు లేపేవారు. కళ్లు ఎర్రగా ఉండేవి. అడిగితే మిరప్పళ్ల లోడు దించానని చెప్పేవాడు. కిషోర్ బాబు ట్రిప్పుకింత అని సరిగ్గా ఇచ్చేవాడు, ఎక్కడా తగ్గించలేదు. లెక్కలో డీజిలుంది, బండి అరుగుదల ఉంది, కూలి ఉంది. మా ఆయన నిద్ర లేదు. కిషోర్ బాబు వెయ్యలేదు, నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు. దానికి ధర లేదు కాబట్టి అది ఖర్చులా ఎవరికీ కనబడలేదు. అడిగి దొరక్క వెళ్లిపోయిన మనిషి కనబడనట్టే.

చందమామ చేతిలో పని

మన ఊళ్లలో రంజాను పుదీనా లెక్క ఎవరికీ అంతుపట్టదు. ఉపవాసాల నెల చివర, నెలవంక కనబడితే తెల్లారే పండగ. కనబడకపోతే ఇంకో రోజు ఉపవాసం, ఆ తర్వాత పండగ. చంద్రుడు కనబడేది పొద్దుగూకాక. మనం రైతుకు ఫోను చెయ్యాల్సింది మధ్యాహ్నం. పండగ రేపే అయితే సందులోవాళ్లంతా ఆ సాయంత్రమే బల్ల మీద పడతారు. కాకపోతే తెచ్చిన పుదీనా అంతా మర్నాటికి నల్లబడుతుంది.

రామకోటయ్య గారు కుళ్లితే కుళ్లిందని పండగ సరుకంతా తెప్పించేవారు. కిషోర్ బాబు బాగా ఆలోచించి వేరే దారి చెప్పాడు. తెలియని సంగతి మీద ముందే ఎందుకు పందెం కాయాలి, మధ్యాహ్నం కొంచెమే తెద్దాం, చంద్రుడు కనబడితే అప్పుడే చెవిటికల్లు నుంచి తెప్పిద్దాం, అప్పటికి మనకు నిజం తెలిసి ఉంటుంది అన్నాడు. వినడానికి ఎంత సబబుగా ఉంది. రైతు టార్చి వేసుకుని కోసిస్తానన్నాడు. మా ఆయన, "చందమామ నాకే ఫోను చేస్తాడులే, పోయొస్తా" అన్నాడు. మొదటి ఏడు అలాగే జరిగింది. తాజా పుదీనా, ఒక్క కట్ట వృథా కాలేదు. ఆ తర్వాతి ఏడూ అంతే.

ఆ పై ఏడు పండగ ఎండల్లో వచ్చింది. పొద్దుగూకగానే మసీదు దగ్గర పటాసులు పేలాయి. నెలవంక కనబడిందన్నమాట. మా ఆయన ఉల్లిపాయ బస్తాల మీద నుంచి లేచి, మొహాన నీళ్లు చల్లుకుని, బండి తీశాడు. పొద్దున్న ట్రిప్పు వెళ్లాడు, మధ్యాహ్నం ట్రిప్పు వెళ్లాడు, ఇది మూడోది. నేను తడి పట్టా అందించి, బాగా కప్పమన్నాను. ఎప్పుడూ ఏదో ఒకటి అనేవాడు, ఆ రోజు అనలేదు. అలసిపోయాడనుకున్నాను.

బల్ల మీద ఉన్న కాస్తా అయిపోయింది. మహబూబీ అక్క వచ్చింది. పండగకు సందులో చాలా ఇళ్లకు ఆవిడే వండుతుంది. స్టూలు వేశాను.

"బండి వస్తోందక్కా, కూర్చో" అన్నాను.

ఆవిడ కూర్చుని పచ్చిమిర్చి ఏరింది. ఇంకొందరు వచ్చారు. అందరికీ అదే చెప్పాను, బండి వస్తోంది, కూర్చోండి, కూర్చోండి. స్టూళ్లు చాలక బస్తాల మీద కూర్చున్నారు. ఆయన ఫోను మోగుతోంది, ఎత్తడం లేదు. తోలేటప్పుడు ఎత్తడు కదా అనుకుని ఇంకోసారి చెప్పాను, వస్తోంది.

కిషోర్ బాబుకు ఫోను వచ్చింది. కంచికచర్ల దాటాక హైవే పక్కన లైట్లు లేకుండా ఆగి ఉన్న లారీని మా బండి వెనక నుంచి గుద్దింది. కునుకు పట్టిందో, కనబడలేదో ఎవరు చెబుతారు. నేను వచ్చినవాళ్లకు వస్తోందని చెబుతున్నప్పటికే ఆయన లేడు.

నన్ను పట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్లింది మహబూబీ అక్కే. అక్కడ ఆయన చొక్కా నిండా పుదీనా వాసన. అదొక్కటే చెబుతాను, మిగతాది చెప్పను. పండగ రోజు ఆవిడ ఇంట్లో పొయ్యి మీదకి బిర్యానీ డేగిశా ఎక్కలేదని తర్వాత తెలిసింది. పప్పూ అన్నం తిన్నారట.

గీత

కర్మకాండలయ్యాక మళ్లీ పనికి వెళ్లాను. ఇంకెక్కడికి వెళతాను. పొద్దున్నే బొట్టులేని నా మొహం చూసి, నా చేతి మీదుగా బోణీ చెయ్యడానికి జనం వెనకాడేవారు. టమాటాల దగ్గర ఊరికే తచ్చాడుతూ ఎవరన్నా ముందు కొంటారేమోనని చూసేవారు. మహబూబీ అక్క రోజూ తలుపు తీసే వేళకే వచ్చి, కరివేపాకో ఏదో ఒకటి కొని పోయేది.

ఆయన పోవడానికి నువ్వే కారణమని మావాళ్లు కొందరు అన్నారు, నీ తప్పేం లేదని కొందరు అన్నారు. రెండు మాటలూ నాకు అక్కర్లేదు. నాకు కావాల్సింది ఒకటే. ఒక మధ్యాహ్నం కిషోర్ బాబును అడిగాను.

"నీ ఫోనులో మా ఆయన ఎక్కడున్నాడు బాబూ?"

ఫోను పైకీ కిందికీ జరిపి వెతికాడు. డీజిలుందండి, ట్రిప్పు కూలి ఉందండి అన్నాడు. అంతే ఉంది అన్నాడు. చిక్కిపోయి ఉన్నాడు, పాపం. అతనికీ నిద్రలేదని మొహం చెబుతోంది. ప్రమాదానికి కూడా ఒక ఖర్చు కట్టి లెక్కలో పెట్టవచ్చు, పెద్దదే పెడదాం, ఎంత పెట్టమంటారు అని అడిగాడు. అడిగాక తలొంచుకున్నాడు.

"ధర కట్టకు బాబూ. ఎంత కట్టినా, ఏదో ఒక పండక్కి పుదీనా దాన్ని దాటిపోద్ది" అన్నాను. "గీత గియ్యి. చీకటి పడ్డాక బండి ఊరు దాటకూడదు. పొద్దున్నే వెళ్లొచ్చినోడు నిద్రపోకుండా మళ్లీ ఎక్కకూడదు. ముందు ఇది రాయి. దీని లోపల నీ ఇష్టమొచ్చినంత లెక్క వేసుకో."

"మిగులు పెరుగుద్దండి."

"పెరగనీ. గేదెలు తింటాయి."

రాసుకున్నాడు. లెక్కల్లో అలాంటి గీతలు కూడా ఉంటాయట, తనకది ముందే తట్టాల్సింది అన్నాడు. కొత్తగా చేరినవాళ్లకు నేను చెప్పే గట్టి మాట ఇదే. ఖర్చు కట్టి తూచదగ్గవి కొన్ని. తక్కెడలో అసలు పెట్టకూడనివి కొన్ని. ఏది ఏదో ముందే తేల్చుకుని కూర్చోండి. కొట్టు నిండా జనం ఉన్నప్పుడు తేల్చుకోలేరు.

గీత గియ్యగానే సరిపోలేదు. మస్తాన్ అని, మసీదు సందులోనే ఉండే నడివయసు మనిషి, బండి తోలడానికి చేరాడు. ఊరి బయట ఏసీలు పెట్టిన పెద్ద కూరగాయల షాపొకటి వచ్చింది. బేరాలు తగ్గాయి. గీతను చెరపమని ఎవరూ అనలేదు. "ఈ ఒక్కరోజుకి" అనేవారు. పెళ్లి ఆర్డరు వచ్చింది, ఈ ఒక్కరోజుకి. కార్తీక సోమవారం, ఈ ఒక్కరోజుకి. గీతలు అలాగే పోతాయి, ఎవరూ చెరపకుండానే. మస్తాన్ చీకట్లో వెళ్లిన ప్రతిసారీ ఆ బండి తిరిగొచ్చేదాకా నేను కొట్లోనే ఉండేదాన్ని, పనేం లేకపోయినా.

ఈ ఏటి పండగ

ఈ ఏడు రంజాను ఎండలు ముదరకముందే వచ్చింది. చంద్రుడు కనబడినా కనబడకపోయినా సరేనని, ఆ మధ్యాహ్నమే పండగ సరుకంతా తెప్పించాను. కిషోర్ బాబు సరేనన్నాడు. జగ్గయ్యపేట కొట్లో పని ఉండి అతను అక్కడికి వెళ్లాడు. ఇక్కడ బల్ల దగ్గర నేను, గల్లా దగ్గర ఒంట్లో కాస్త నెమ్మదించి మళ్లీ వస్తున్న రామకోటయ్య గారు.

నెలవంక కనబడింది. ఆ పెద్ద షాపులో పుదీనా అయిపోయిందట. అక్కడివాళ్లంతా మన కొట్టు మీద పడ్డారు. మేం ఎంత తెచ్చినా, ఇంకో ఊరికి చాలేంత తెచ్చినా, చూస్తుండగానే ఊడ్చుకుపోయింది. బల్ల మీద తడి పట్టా, నాలుగు రాలిన ఆకులు మిగిలాయి. అప్పుడు మహబూబీ అక్క వచ్చింది. ఉపవాసం విడిచి, నమాజు చేసుకుని, అందరికంటే చివర వచ్చింది.

రామకోటయ్య గారు గల్లా దగ్గర నుంచే అన్నారు. "కూర్చోమ్మా, బండి వస్తోంది. తిరపతమ్మా, మస్తాన్‌ని పంపించు. రైతుకి నేను చెబుతా."

మస్తాన్ గుమ్మం దగ్గరే ఉన్నాడు. చేతిలో సగం తిన్న ఖర్జూరం. పొద్దున్న ట్రిప్పు వెళ్లొచ్చాడు, పగలంతా పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. తాళాలు తీసుకున్నాడు.

"పోయొస్తా అక్కా. మనోళ్ల పండగే కదా, ఎంతసేపు."

నేను లేచి అతని చేతిలోంచి తాళాలు తీసుకున్నాను.

"వద్దు మస్తానూ. ఇంటికెళ్లు."

"ఈ ఒక్కరోజుకేనే తిరపతమ్మా" అన్నారు రామకోటయ్య గారు. గొంతులో కోపం లేదు, బతిమాలుతున్నట్టే ఉంది. "పెద్ద షాపు దగ్గర లేకపోబట్టే కదా మన దగ్గరికొచ్చారు. ఈ రోజు మనమిస్తే ఏడాదంతా మనదగ్గరే ఉంటారు."

ఆయన మాట నిజమే. లెక్కకు అది చాలా పెద్ద నష్టం, కిషోర్ బాబు నేర్పిందే, నాకు తెలుసు. అయినా మహబూబీ అక్క వైపు తిరిగాను. ఆ మాట అనడానికి నాకు నోరు తిరగలేదు. జీవితమంతా అనని మాట.

"బండి రాదక్కా. పుదీనా లేదు."

కొట్లో అందరూ చూస్తున్నారు. ఆవిడ సంచి మడిచి చంకలో పెట్టుకుంది.

"లేకపోతే లేదులే తిరపతమ్మా. కొత్తిమీర ఉంటే అదే ఇయ్యి. ఆ ఏడు పుదీనా వస్తుందని కూర్చున్నా. ఇంక కూర్చోను."

రామకోటయ్య గారు చేతిలో ఫోను గల్లా పెట్టె మీద బోర్లా పెట్టేశారు. కొత్తిమీర కట్టలు కట్టి ఆవిడ సంచిలో పెట్టాను. వెనక నిలబడ్డవాళ్లు గొణుక్కుంటూ ఒక్కొక్కరే వెళ్లిపోయారు. వెళ్లిన ప్రతి మనిషికీ డబ్బాలో ఒక చింతపిక్క వేశాను.

ఆ ఎండాకాలంలోనే పని మానేశాను, మోకాళ్లు సహకరించక. నన్నెవరూ పొమ్మనలేదు. ఆ పోయినవాళ్లలో కొందరు మళ్లీ మన కొట్టుకు రాలేదని నాగమణి చెబుతోంది. రారు. అదీ రాసుకోండి.

ఆ సాయంత్రం మస్తాన్‌కు తాళాలు తిరిగి ఇచ్చాను, బండి ఇంటి దగ్గర పెట్టుకోవాలి కదా. వీధిలో బండి స్టార్టు చేసిన చప్పుడు విన్నాను. చేతిలో చింతపిక్క అలాగే పట్టుకుని నిలబడ్డాను. చప్పుడు హైవే వైపు పోలేదు. మలుపు దగ్గర నెమ్మదించి, మసీదు సందులోకి తిరిగి, ఒక ఇంటి ముందు ఆగింది.